తెరేసా పుట్టిన ఊళ్లో నాలుగు రోజులు

బొగోటాకి తిరిగొచ్చి మూడు రోజులైంది. గోళ్ల సందుల్లో జాఫ్రా గింజల ఎరుపు ఇంకా వదల్లేదు. అది పోయేలోగానే రాసేయాలని కూర్చున్నాను.

మావారి ఉద్యోగం వల్ల మూడేళ్లుగా కొలంబియాలో ఉంటున్నాం. మా అమ్మాయికి పదకొండేళ్లు. పియానో ఇక్కడే మొదలుపెట్టింది. పోయిన జూన్‌లో వాళ్ల టీచర్ ఒక చిన్న వాల్ట్జ్, అంటే డాన్సు బాణీ, నేర్పింది. పేరు ‘మి తెరేసీతా’. ‘నా బుజ్జి తెరేసా’ అని అర్థం. తెరేసా కరేన్యో అనే వెనెజులా పియానిస్టు తన కూతురి కోసం రాసుకున్న పాట అది. ఒక తల్లి తన కూతురికి రాసిన పాటని నా కూతురు వాయిస్తుంటే, వంటింట్లో స్టవ్ తగ్గించి వినేదాన్ని. విన్నకొద్దీ ఆవిడ గురించి చదవడం మొదలైంది. చదివినకొద్దీ ఆ ఊరు చూడాలనిపించింది. ఆవిడ పుట్టింది 1853 డిసెంబర్ 22న, వెనెజులా రాజధాని కారకాస్‌లో. “ఆ రోజుకి మనం అక్కడుండాలి” అని మా అమ్మాయి పట్టుబట్టింది. క్రిస్మస్ సెలవులు ఎటూ ఉన్నాయి.

డిసెంబర్ 20, మైకెతియా నుంచి పైకి

విమానం దిగేది సముద్రం ఒడ్డున. కారకాస్ ఊరేమో కొండకి అవతల, దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. టాక్సీకి 25 డాలర్లు. సొరంగాల్లోంచి దారి పైకి ఎక్కుతూనే ఉంటుంది. మేం దేనికొచ్చామో చెప్పగానే డ్రైవర్ ముఖం వెలిగిపోయింది. “ఆ, ఎల్ తెరేసా! చాలా పెద్ద థియేటర్. మా స్కూలువాళ్లు తీసుకెళ్లారు నన్ను” అన్నాడు. మనిషి గురించి అడిగితే భవనం గురించి చెప్పాడు. ఆ నాలుగు రోజుల్లో మేం అడిగిన ప్రతివాళ్లూ మొదట భవనమే చెప్పారు.

దిగింది కాందెలారియా పేటలో, ఒక పెద్దావిడ ఇంట్లో, అద్దె గదిలో. ఆవిడకి డెబ్బై దాటాయి. బళ్లో సంగీతం చెప్పి రిటైరయ్యారు. కొడుకులిద్దరిలో ఒకరు చిలీలో, ఒకరు స్పెయిన్‌లో. ఈ దేశం విడిచి వెళ్లినవాళ్లు 70 లక్షలు పైమాటే కాబట్టి ప్రతి ఇంట్లోనూ ఇదే కథ. హాల్లో గోడవారగా ఒక పాత పియానో, మీద లేసు గుడ్డ, గుడ్డ మీద కొడుకుల ఫోటోలు.

సాయంత్రం పాలూ రొట్టే కొందామని పక్కనున్న కొట్టుకి వెళ్లాను. నా దగ్గరున్నది ఒకటే 20 డాలర్ల నోటు, అంచు కొంచెం చిరిగింది. తీసుకోనన్నారు. ఇక్కడ డాలరు నోటు కొత్తగా, మడత లేకుండా ఉండాలి. చిల్లర మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. సరుకు వెనక్కి పెట్టేస్తుంటే నా వెనక వరసలో ఉన్న ఒకమ్మాయి తన ఫోనుతో మూడు డాలర్లు కట్టేసి, “దొరికినప్పుడు ఇంకెవరికైనా ఇవ్వండి” అని వెళ్లిపోయింది. పేరు కూడా అడగలేకపోయాను.

లిఫ్టులో ఎక్కినవాళ్లు ఎక్కినట్టే అందరికీ ‘బుయెనాస్ తార్దెస్’ చెబుతారు, దిగేటప్పుడు సెలవు తీసుకుంటారు. హోటల్లో మనం తింటుంటే పక్క టేబులు నుంచి లేచి వెళ్లేవాళ్లు ‘బుయెన్ ప్రొవేచో’ అంటారు, అంటే హాయిగా తినండి అని. మా అమ్మాయికి ఇది భలే నచ్చింది. ఇంటావిడతో అంటే, “కరేన్యో చదివినవాళ్లం కదా!” అన్నారు.

ఆ కరేన్యో మా తెరేసా వాళ్ల నాన్నే. మనువేల్ ఆంతోనియో కరేన్యో. దేశానికి మంత్రిగా చేశాడు, పియానో వాయించేవాడు. కూతురు పుట్టిన ఏడాదే ఆయన రాసిన మర్యాదల పుస్తకం వచ్చింది. వీధిలో ఎలా నడవాలి, ఒకరింటికి ఎప్పుడు వెళ్లాలి, బల్ల దగ్గర ఎలా కూర్చోవాలి, అన్నీ అందులో ఉంటాయి. ఆడవాళ్లకి మరిన్ని ఉంటాయి. స్పానిష్ మాట్లాడే దేశాలన్నిటా తరాల తరబడి పిల్లల చేత దాన్ని చదివించారు. ఇప్పటికీ ఎవరైనా మొరటుగా ప్రవర్తిస్తే ‘కరేన్యో చదవలేదా?’ అంటారట.

డిసెంబర్ 21, మూలల ఊరు

పాత కారకాస్‌లో ఇంటి నంబరు ఎవరూ చెప్పరు. ప్రతి కూడలికీ ఒక పేరుంటుంది. ‘గ్రాదీయాస్ నుంచి సొసియెదాద్’ అంటే ఆ రెండు మూలల మధ్య వీధి. ఒక వీధి అడ్రసు ‘పెలీగ్రో నుంచి పెలె ఎల్ ఓహో’. ‘ప్రమాదం’ నుంచి ‘కళ్లు పెట్టుకు చూసుకో’ దాకా అన్నమాట. అది విన్నప్పట్నుంచీ మా అమ్మాయి మూల మూలకీ ఆగి నీలం పలకలు చదవడమే పని.

మేం వెతుకుతున్నది తెరేసా 1887లో ఒపెరాలు, అంటే పాటల నాటకాలు, నడిపిన పాత థియేటరు. ఇప్పుడు దాన్ని మునిసిపల్ థియేటర్ అంటారు. చెరుకురసం అమ్మే అతన్ని అడిగాను. నా స్పానిష్‌లో అతనికి ‘తెరేసా’ ఒక్కటే అర్థమైనట్టుంది. చెయ్యి చాచి చూపించాడు. అలా పది నిమిషాలు నడిచి వెళ్తే తేలింది సాంతా తెరేసా చర్చి దగ్గర.

పొరపాటున వెళ్లినా అక్కడే అసలు సంగతి తెలిసింది. లోపల ఊదారంగు అంగీ తొడిగిన, సిలువ మోస్తున్న క్రీస్తు విగ్రహం ఉంది. నజరేనో దె సాన్ పాబ్లో అంటారు. ఈస్టరుకి ముందు బుధవారం నాడు ఊరు ఊరంతా ఊదాబట్టలు కట్టుకుని ఆయన్ని చూడ్డానికి వస్తుంది. కొవ్వొత్తులు సర్దుతున్న ఒక పెద్దావిడ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది: ఈ స్వామి మొదట ఉన్నది ఇక్కడ కాదు, సాన్ పాబ్లో గుడిలో. ఆ గుడిని అప్పటి పాలకుడు గుస్మాన్ బ్లాంకో కూలగొట్టించి థియేటరు కట్టించాడు. మీరు వెతుకుతున్నది దాన్నే. ఆ తర్వాత ఎప్పుడో స్వామి ఆయన కలలో కనిపించి “నా గుడేదీ?” అని అడిగాడని, అందుకే భార్య ఆనా తెరేసా పేర్లున్న ఇద్దరు పునీతురాళ్లకి ఈ జంట చర్చి కట్టించాడని జనం చెప్పుకుంటారు. ఆవిడ ఈ కథ చెబుతూ నా చెయ్యి వదల్లేదు. లేచేటప్పుడు మా అమ్మాయి నుదుటి మీద సిలువ గుర్తు వేసింది. నేను కాళ్లకి దణ్ణం పెట్టబోతే కంగారుపడి లేవనెత్తింది.

థియేటరు అక్కడికి దగ్గరే. తలుపులు వేసి ఉన్నాయి. ఎదురుగా బస్సులు, చెప్పులు కుట్టేవాళ్లు, ఫోను కవర్లు అమ్మేవాళ్లు. అరుగు మీద కూర్చుని మా అమ్మాయికి 1887 సంగతి చెప్పాను.

ఎనిమిదేళ్ల పిల్లగా ఊరు విడిచిన తెరేసా మళ్లీ వచ్చింది 1885లో. ఇరవైమూడేళ్ల తర్వాత. అప్పటికే న్యూయార్క్, పారిస్, లండన్ ఆమెని విన్నాయి. మొదట ఊరు నెత్తిన పెట్టుకుంది. పూలు, పద్యాలు, పతకాలు. కానీ పెద్దిళ్ల ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. మొదటి భర్త, వయొలిన్ విద్వాంసుడు ఎమీల్ సోరే నుంచి విడిపోయింది. ఇప్పుడు జోవన్నీ తల్యాపియెత్రా అనే ఇటాలియన్ గాయకుడితో ఉంటోంది. ఆ దేశంలో విడాకుల చట్టం వచ్చిందే 1904లో. వాళ్ల దృష్టిలో ఆమె ఒక తప్పుచేసిన మనిషి. తర్వాత గుస్మాన్ బ్లాంకో 1887 ప్రదర్శనలకి ఆమెని ఒపెరా కంపెనీ తీసుకురమ్మన్నాడు. ఆయన మీద కోపమున్నవాళ్లంతా ఆ కోపం ఈ ప్రదర్శనల మీద చూపించారు. కుర్చీలు ఖాళీ. వాద్యబృందాన్ని నడిపే ఆయన మధ్యలో వదిలేసి వెళ్లాడు. ఆ రోజుల్లో ఆడమనిషి అక్కడ నిలబడటం ఎవరూ ఎరగరు. తెరేసా కర్ర చేతికి తీసుకుని తనే నడిపింది. అయినా నష్టమే మిగిలింది. అదే ఏడాది వెళ్లిపోయింది, బతికుండగా మళ్లీ ఈ గడప తొక్కలేదు.

తండ్రి రాసిన పుస్తకం ప్రతి ఇంటి అలమరలో ఉన్న ఊరు ఇది. ఆ ఇళ్ల తలుపులే కూతురి మొహాన మూసుకున్నాయి. ఆ అరుగు మీద కూర్చుంటే నాకు గొంతు పట్టేసింది. మన దగ్గర మాత్రం? భర్తని వదిలేసి వచ్చిన ఆడపిల్ల పాట వినడానికి ఎన్ని ఊళ్లు కచేరీ పెట్టాయి?

ఆకలేసి అరేపా కొట్టు వెతుక్కున్నాం. మొక్కజొన్న పిండి రొట్టెని చీల్చి లోపల కూరతో నింపేదే అరేపా. చికెన్, అవకాడో కలిపి పెట్టేదాన్ని ‘రేయినా పెపియాదా’ అంటారు. 1955లో మిస్ వరల్డ్ అయిన వెనెజులా అమ్మాయి సుసానా దూయిమ్‌కి గౌరవంగా పెట్టిన పేరట. ఒక్కోటి ఐదు డాలర్లు, ఒకటి తింటే రాత్రి దాకా ఆకలుండదు. తోడుగా పాపెలోన్ కోన్ లిమోన్ తెప్పించుకున్నాం. పాపెలోన్ అంటే బెల్లం. బెల్లంనీళ్లలో నిమ్మరసం పిండి, ఐసు వేసి ఇస్తారు. మావారు ఒక గుక్క తాగి, “ఏమోయ్, మిరియాలు వెయ్యడం మర్చిపోయారు, అచ్చం రాములవారి పానకమే!” అన్నారు. ఇంకో రెండు గ్లాసులు తెప్పించారు.

డిసెంబర్ 22, ఆవిడ పుట్టినరోజు

పొద్దున్నే డాలరుకి ఒక తెల్ల కార్నేషన్ పువ్వు కొని పాంతియోన్ నాసియొనాల్‌కి వెళ్లాం. ఒకప్పుడు అది చర్చి. 1874లో దేశంలోని గొప్పవాళ్ల సమాధిమందిరంగా మార్చారు. లోపల మాట్లాడకూడదు, టోపీ తీసేయాలి. పువ్వు పెట్టకూడదని కాపలా కుర్రాడు మెల్లిగా, చాలా నొచ్చుకుంటూ చెప్పాడు. మా అమ్మాయి దాన్ని రెండు చేతులతో పట్టుకునే తిరిగింది.

తెరేసా 1917 జూన్ 12న న్యూయార్క్‌లో పోయింది. అస్థికలు 1938లో ఊరు చేరాయి. పెద్ద శ్మశానంలో ఉంచారు. ఈ మందిరంలోకి తెచ్చింది 1977 డిసెంబర్ 9న. పుట్టినూరు చేరడానికి ఇరవైఒక్క ఏళ్లు, ఈ గుమ్మం దాటడానికి మరో ముప్ఫైతొమ్మిది. చుట్టూ సేనాధిపతులు, అధ్యక్షులు. దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన బొలీవార్ కూడా ఇక్కడే. ఆయనకి చదువు చెప్పిన సిమోన్ రోద్రిగెస్ కూడా ఇక్కడే. ఆ గురువు తెరేసా తాతగారికి అన్నదమ్ముడు. ఆ తాతగారు కాయెతానో కరేన్యో ఈ ఊరి కథీడ్రల్లో సంగీతం నడిపినవారు. అంటే ఆమె చుట్టాల మధ్యకే చేరింది. మా అమ్మాయి ఆవిడ పేరున్న చోట నిలబడి వేళ్లతో తొడ మీద ఏదో వాయించుకుంది. ఏం వాయించావని అడగలేదు.

మధ్యాహ్నం మెట్రోలో బెయాస్ ఆర్తెస్ స్టేషన్లో దిగి ‘ఎల్ తెరేసా’కి వెళ్లాం. 1983 ఏప్రిల్ 19న తెరిచారు. పెద్ద హాలుకి రియోస్ రేయినా అనే వయొలిన్ విద్వాంసుడి పేరు పెట్టారు, దాదాపు 2,400 మంది పడతారు. నాకు హాలుకన్నా బయటి మేడలే నచ్చాయి. అంతా కాంక్రీటు, కప్పు మీద గళ్లు గళ్లుగా లోతులు, గోడల్లేకుండా ఎటు చూస్తే అటు గాలి, చెట్లు, దూరంగా ఆవిలా కొండ. హేసూస్ సోతో అనే కళాకారుడు వేలాడదీసిన పసుప్పచ్చ కడ్డీలు మనం కదిలితే తామూ కదులుతున్నట్టు కనిపిస్తాయి. అద్దాల ముందు పదిహేను పదహారేళ్ల పిల్లలు నీడలు చూసుకుంటూ డాన్సు ప్రాక్టీసు చేస్తున్నారు. ఎవరూ వాళ్లని పొమ్మనడం లేదు. చీకటి పడేముందు పంచవన్నెల చిలకలు జంటలు జంటలుగా అరుచుకుంటూ మా తలల మీంచి పోయాయి.

ఆ మెట్ల మీద కూర్చుని మా అమ్మాయి కథలన్నీ మళ్లీ అడిగింది. 1862 నవంబర్ 25న న్యూయార్క్ ఇర్వింగ్ హాల్లో మొదటి కచేరీ. తొమ్మిదో పుట్టినరోజుకి ఇంకా నెల ఉంది. మనకి సరళీ స్వరాలు, జంట స్వరాలు ఎలాగో, అలా వేళ్ల సాధకానికి తండ్రే కూర్చుని అభ్యాసాలు రాసిచ్చాడు. మరుసటి ఏడాది వైట్‌హౌస్‌లో లింకన్ ముందు వాయించింది. అక్కడి పియానో శ్రుతి తప్పి ఉందని ఆ పిల్లకి చిరాకేసింది. అయినా లింకన్‌కి ఇష్టమైన మాకింగ్‌బర్డ్ పాట అడిగితే దాన్ని అక్కడికక్కడ అల్లుకుంటూ వాయించింది. పారిస్‌లో లిస్ట్, రోస్సీని లాంటి పేరున్న సంగీతకారులు ఆమెని విన్నారు. 1889 నవంబర్ 18న బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో గ్రీగ్ అనే స్వరకర్త పియానో కన్చెర్టో వాయించిన రాత్రి తర్వాత యూరప్‌లో ఆమె పేరు మోగిపోయింది. పియానో యుద్ధదేవత అన్నారు. ఆ తర్వాత ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దాకా తిరిగింది.

“మరి తెరేసీతా కన్నా ముందు ఇంకో పాప ఉందన్నావుగా?” అంది.

ఉంది. ఎమిలీతా. సోరేతో పుట్టిన పిల్ల. కచేరీల కోసం అమెరికా వెళ్తూ ఒక స్నేహితురాలి దగ్గర వదిలింది. ఆ స్నేహితురాలే పిల్లని పెంచుకుంది. తల్లికి ఆ పిల్ల మళ్లీ దక్కలేదు. కాపురం చెదిరిపోయి, చేతిలో డబ్బుల్లేని, ఇరవై దాటిన పిల్ల అప్పుడు తెరేసా. ఆ తర్వాత పుట్టిన తెరేసీతాకి రాసిన వాల్ట్జ్‌ని కచేరీ అయ్యాక జనం అడిగితే మళ్లీ మళ్లీ వాయించేదట. ఇది చెప్పాక మా అమ్మాయి నా ఒళ్లో తల పెట్టుకుంది. పదకొండేళ్లొచ్చాక ఈ మధ్య అలా పెట్టుకోవడం మానేసింది.

డిసెంబర్ 23, ఇంటావిడ వంటింట్లో

క్రిస్మస్‌కి వెనెజులా ఇళ్లలో అయాకాలు చేస్తారు, అంటే పిండిలో కూర పెట్టి అరిటాకుల్లో కట్టి ఉడికించే పొట్లాలు. ఒక్కరు చేసే పని కాదు. “ఏటా పిల్లలుండేవాళ్లు, ఈసారి మీరున్నారు” అని ఇంటావిడ పొద్దున ఏడింటికే మమ్మల్ని వంటింట్లోకి పిలిచారు. మామూలుగా అందులో పంది, ఎద్దు మాంసం కూడా వేస్తారు. మేం తినమని మొదటిరోజు మాటల్లో అన్నాను. ఆవిడ గుర్తు పెట్టుకుని, మా కోసం చికెన్‌తో వేరే కూర వండి ఉంచారు.

మావారికి అరిటాకులు తుడిచే పని. మంట మీద చూపించి మెత్తబరిచిన ఆకులు. ఆ వాసనకి నాకు మా అమ్మమ్మగారి ఇంట్లో పెళ్లి భోజనాలు గుర్తొచ్చాయి. నూనెలో ఒనోతో గింజలు వేసి కాచితే నూనె ఎర్రబడుతుంది. ఆ గింజలు చేతిలోకి తీసుకుని చూస్తే మన జాఫ్రా గింజలే! మన్యంలో పండిస్తారు కదా, అవే. ఆ నూనెతో మొక్కజొన్న పిండి కలపాలి. ఆకు మీద ఎర్రనూనె రాసి, పిండిముద్ద పెట్టి, అరచేత్తో వెనకున్న ఆకు ఈనెలు కనిపించేంత పల్చగా వత్తాలి. నడుమ కూర, పైన ఆలివ్ కాయ, కిస్‌మిస్‌లు, ఉల్లిపాయ చక్రం. మడిచి, రెండో ఆకు చుట్టి, నూలుతాడుతో అడ్డంగా నిలువుగా కట్టాలి. చికెన్‌వి తెలియడానికి మావాటికి ముడి రెండుసార్లు వేయమన్నారు. మధ్యాహ్నానికి యాభై రెండు పొట్లాలు కట్టాం. పెద్ద గిన్నెలో గంటసేపు ఉడికించి, నీళ్లు కారేలా బల్ల మీద ఒకదానికొకటి ఆనించి నిలబెట్టారు.

ఆకులు కడుగుతూ ఇంటావిడ తన సంగతి చెప్పారు. పెళ్లయిన కొత్తలో అత్తగారు పియానోకి తాళం వేసి తాళంచెవి దాచిందట. మూడేళ్లకి ఇల్లు మారినప్పుడు గానీ తెరవలేదు. “అప్పుడు తెరేసా ఫోటో ఒకటి పత్రికలోంచి కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించుకున్నాను. పొద్దున చీర...” అని ఆగి నన్ను చూసి నవ్వి, “పొద్దున గౌను తీసుకున్నప్పుడల్లా చూసేదాన్ని” అన్నారు. నా చీర మీద ఆవిడ కన్ను రెండు రోజులుగా ఉందని నాకు తెలుసు. వచ్చేటప్పుడు ఇచ్చి వచ్చాను.

సాయంత్రం మా అమ్మాయి అడిగింది, పియానో వాయించవచ్చా అని. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించారు. “మధ్యలో మూడు మీటలు పలకవమ్మా. శ్రుతి చేసే ఆయన పెరూ వెళ్లిపోయాడు, ఆరేళ్లయింది.” మా అమ్మాయి ఫోటోలు జాగ్రత్తగా తీసి, లేసు గుడ్డ మడిచి, నిన్నటి కార్నేషన్‌ని గ్లాసులో పెట్టి పైన ఉంచింది. అప్పుడే చిలీ నుంచి కొడుకు ఫోను. ఆవిడ చేతులు ఎర్రగా, తడిగా ఉన్నాయి. నేనే ఫోను అందుకుని పువ్వు గ్లాసుకి ఆనించి నిలబెట్టాను.

మా అమ్మాయి ‘మి తెరేసీతా’ మొదలుపెట్టింది. రెండో వరసలోనే మొదటి మూగ మీట తగిలింది. తడబడి ఆగబోయింది. ఇంటావిడ బల్ల దగ్గర్నుంచే ఆ స్వరాన్ని నోటితో అందించారు. పిల్ల వెనక్కి తిరక్కుండా ముందుకి సాగింది. ఇంకో మీట. మళ్లీ ఆవిడ గొంతు. మూడోదాని దగ్గర ఆవిడతో పాటు ఫోనులోంచి ఇంకో గొంతు కూడా కలిసింది. ఆ పియానో కింద ఆడుకుంటూ పెరిగిన కొడుకు. అతనికీ ఆ పాటలో ప్రతి స్వరం తెలుసు.